పేరు లేని పతకాలు: జర్మన్ యుద్ధ పతకాలు సేకరించేవాళ్లు అసలు ఏం చూడాలి

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం తరఫున వెళ్లిన భారతీయ సిపాయికి ఇచ్చిన వార్ మెడల్‌ అంచు చూస్తే అతని నంబరు, హోదా, పేరు, దళం అన్నీ కొట్టి ఉంటాయి. మద్రాస్ సాపర్స్ మనిషిదైనా, పంజాబ్ రెజిమెంట్ మనిషిదైనా అంతే. వందేళ్ల తర్వాత అది ఏ పాత సామాన్ల కొట్టులో తేలినా ఎవరిదో కనుక్కునే దారి ఒకటి ఉంటుంది. జర్మన్ ఐరన్ క్రాస్ అలా కాదు. ప్రభుత్వం ఇచ్చిన క్రాస్ మీద రాజు గుర్తో నాజీ గుర్తో ఉంటుంది, సంవత్సరం ఉంటుంది, కొన్నిటికి తయారీదారు గుర్తు ఉంటుంది, దాన్ని గుండె మీద పెట్టుకున్న మనిషి పేరు మాత్రం ఉండదు. సొంత డబ్బుతో వెనక పేరు చెక్కించుకున్నవాళ్లు కొందరున్నారు గానీ అది మినహాయింపే.

ఈ ఒక్క విషయం అర్థమైతే ఈ సేకరణలో ఉన్న చిక్కులు సగం అర్థమైనట్టే. పేరు లేని వస్తువుకి ఎవరైనా ఏ కథైనా తగిలించొచ్చు. "ఇది ఫలానా ట్యాంకు కమాండర్‌ది", "మా తాత నార్మండీలో ఒక జర్మన్ ఆఫీసర్ దగ్గర తీసుకున్నది" అని అమ్మేవాడు చెప్తాడు, కొనేవాడు పతకానికి ఇవ్వాల్సిన డబ్బుకి మూడింతలు ఆ కథకి ఇచ్చి వస్తాడు. అందుకే ఈ రంగంలో పాతకాపులు కొత్తవాళ్లకి మొట్టమొదట చెప్పే మాట ఒకటే: వస్తువుని కొను, కథని కొనకు.

మరి వస్తువు ఏం చెప్తుంది? చాలానే చెప్తుంది.

ఐరన్ క్రాస్ పుట్టింది 1813లో, నెపోలియన్ మీద జర్మన్ రాజ్యమైన ప్రష్యా తిరగబడినప్పుడు. రాజు మూడో ఫ్రెడరిక్ విల్హెల్మ్ దాని స్థాపన పత్రం మీద మార్చి 10 తేదీ వేయించాడు, అది మూడేళ్ల కిందట చనిపోయిన ఆయన భార్య, రాణి లూయిజె పుట్టినరోజు. దానికి చివరి రూపం ఇచ్చింది కార్ల్ ఫ్రీడ్రిష్ షింకెల్ అనే ఆర్కిటెక్ట్. ఖజానా ఖాళీ, ఆడవాళ్లు ఒంటి మీది బంగారం యుద్ధానికి ఇచ్చి బదులుగా ఇనుప నగలు పెట్టుకుంటున్న రోజులు, అలాంటప్పుడు వజ్రాలు పొదిగిన పతకం కాకుండా ఇనుముతో చేసిన పతకం ఇవ్వడం వెనక ఒక ఉద్దేశం ఉంది. అంతకంటే పెద్ద మార్పు ఏమిటంటే, ఇది హోదాతో సంబంధం లేకుండా మామూలు సైనికుడికీ జనరల్‌కీ ఒకే రూపంలో ఇచ్చిన పతకం. ఆ తర్వాత దీన్ని 1870లో, 1914లో, 1939లో మళ్లీ మళ్లీ ప్రవేశపెట్టారు. ప్రతిసారీ కింది చేతి మీద ఆ సంవత్సరం వేశారు. 1914 క్రాస్ మధ్యలో కైజర్ విల్హెల్మ్‌ని సూచించే డబ్ల్యూ అక్షరం, పైన కిరీటం ఉంటాయి. 1939 క్రాస్‌లో ఆ చోటుని నాజీ స్వస్తిక ఆక్రమించింది.

ఐరన్ క్రాస్‌లో సెకండ్ క్లాస్, దానిపైన ఫస్ట్ క్లాస్ అని అంతస్తులుంటాయి. 1914 సెకండ్ క్లాస్ క్రాస్‌లు దాదాపు 50 లక్షలు ఇచ్చారని అంచనా. ఫస్ట్ క్లాస్ రెండు లక్షల పైచిలుకు. అంటే సెకండ్ క్లాస్ అరుదైనదేమీ కాదు, ఇప్పటికీ యూరప్ సంతల్లో మామూలు ధరకే దొరుకుతుంది. 1939లో దీని పైన నైట్స్ క్రాస్ అని మెడలో వేసుకునే కొత్త అంతస్తు ఒకటి చేర్చారు, అవి ఇచ్చింది సుమారు 7,300 మాత్రమే. ఇప్పుడు వేల యూరోలు పలికేవి ఇవే, నకిలీలు ఎక్కువగా తయారయ్యేవీ ఇవే.

అసలైన క్రాస్‌ని మూడు ముక్కలతో చేస్తారు. మధ్యలో నల్ల రంగు వేసిన ఇనుప పలక, దాన్ని ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి కప్పే రెండు వెండి ఫ్రేములు, ఈ రెండు ఫ్రేములనీ అంచు వెంట మాటు వేసి అతికిస్తారు. కాబట్టి పక్క నుంచి భూతద్దం పెట్టి చూస్తే సన్నటి అతుకు గీత కనపడాలి. చవక నకిలీలు మొత్తాన్ని ఒకే ముక్కగా పోతపోసి రంగు పూస్తాయి, వాటిలో ఆ గీత ఉండదు, అంచు లోపలి సన్నటి పూసల వరస మొద్దుబారి ఉంటుంది, పోతలో గాలి చేరిన చోట సూదిమొన అంత గుంటలు కనపడతాయి. అయస్కాంతం పెట్టి చూడమని చాలామంది సలహా ఇస్తారు. మంచిదే, కానీ దాని మీదే ఆధారపడకూడదు, ఎందుకంటే నకిలీ చేసేవాడికీ ఇనుము దొరుకుతుంది, పైగా ఇత్తడి పలకతో చేసిన నిజమైన క్రాస్‌లు కూడా కొన్ని ఉన్నాయి. ఫస్ట్ క్లాస్ క్రాస్‌లలో ఇంకో చిక్కు ఉంది. ఆఫీసర్లు తమకి వచ్చినదాన్ని ఇంట్లో దాచుకుని, వేసుకోడానికి నగల కొట్లో ఇంకొకటి కొనుక్కునేవాళ్లు. అవి కొంచెం ఉబ్బెత్తుగా, వెనక పిన్ను బదులు మర బిళ్లతో ఉండొచ్చు. మామూలు నమూనాకి భిన్నంగా ఉంది కాబట్టి నకిలీ అని కొట్టిపారేస్తే మంచి వస్తువు చేజారిపోతుంది.

ఇక తయారీదారు గుర్తులు. వీటి కోసం వ్యసనపరుల్లా వెతికేవాళ్లున్నారు, కారణం లేకపోలేదు. రెండో యుద్ధకాలంలో ప్రభుత్వ పతకాల వ్యవహారం బెర్లిన్‌లోని ప్రెసిడెన్షియల్ చాన్సరీ చూసేది, అది ఒక్కో తయారీ సంస్థకి ఒక్కో నంబరు ఇచ్చింది. నంబరు 4 అంటే ల్యూడెన్‌షైడ్ పట్టణంలోని స్టైన్‌హౌవర్ అండ్ ల్యూక్, 65 అంటే క్లైన్ అండ్ క్వెంట్సర్. సైనికులు కొట్లలో కొనుక్కునే అదనపు ప్రతులకి వేరే వరస ఉండేది, ఎల్ అక్షరం, గీత, ఆ తర్వాత నంబరు. ఎల్ 12 అంటే బెర్లిన్‌లోని యుంకర్, ఎల్ 11 అంటే డొయ్‌మర్. అంటే రిబ్బన్ దూర్చే రింగు మీద ఎల్ గుర్తు ఉంటే అది నాటిదే కావొచ్చు, కానీ ఎక్కువగా సైనికుడి చేతికి కమాండర్ అందించిన ప్రతి కాదు, అతను డబ్బు పెట్టి కొనుక్కున్నది. రెండూ అసలైనవే, కానీ ఏది ఏదో తెలియకుండా "యుద్ధభూమిలో అందుకున్న క్రాస్" అని ప్రచారం చేసుకోవడం తప్పు. గుర్తు లేకపోయినంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు, చాలా అసలైన వాటికి అసలు గుర్తే లేదు.

లోహం చెప్పే సాక్ష్యం ఇంకా ముఖ్యం. రెండో యుద్ధం మొదట్లో బ్యాడ్జీలు రాగి మిశ్రమంతో, మంచి వెండి పూతతో, పదునైన అచ్చుతో వచ్చాయి. 1942 దాటేసరికి రాగి తుపాకీ గుళ్లకి కావాలి, బ్యాడ్జీలకి జింక్ దిక్కయింది. జింక్ మీద పూత నిలవదు, ఏళ్లు గడిచేకొద్దీ వెండి మెరుపు ఆ లోహంలోకే ఇంకిపోయినట్టు అయిపోయి బూడిద రంగు తేలుతుంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు ఈ మసకబారిన బ్యాడ్జీని పక్కన పెట్టి మెరిసేదాన్ని కొంటారు. చాలాసార్లు ఆ మసకదే అసలుది, మెరిసేది మొన్న ఎవరో తయారుచేసింది. ఓ దేశం దగ్గర రాగి ఎలా అయిపోతూ వచ్చిందో, దాడుల్లో పాల్గొన్న కాల్బలం సైనికులకి ఇచ్చిన ఇన్‌ఫంట్రీ అసాల్ట్ బ్యాడ్జీల్లో 1940 నాటి దాన్నీ 1944 నాటి దాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి కనపడుతుంది, ఏ ఆర్థిక చరిత్ర పుస్తకమూ అంత సూటిగా చెప్పలేదు.

అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి: వెండిని తోమొద్దు. ఫ్రేము మీద పట్టిన నలుపు దశాబ్దాల గాలి తగిలి వచ్చినది, అది కూడా సాక్ష్యమే. ధరించని క్రాస్ ఫ్రేముల మీద తెల్లటి మంచు లాంటి మసక పొర ఉంటుంది, పాలిష్ గుడ్డతో ఒక్కసారి రుద్దితే అది పోతుంది, ఇక ఎన్నటికీ తిరిగి రాదు.

నకిలీల సంగతికొస్తే, అన్నిటికంటే ప్రమాదకరమైనవి చవక పోతలు కావు, అసలు అచ్చుల మీద యుద్ధం తర్వాత కొట్టినవి. 1945లో ఓడిపోయాక మిత్రదేశాల సైన్యాలు పతకాలు ధరించడాన్ని నిషేధించాయి, కానీ వాటిని ఇంటికి పట్టుకెళ్లాలని ఆరాటపడింది కూడా ఆ సైనికులే. ల్యూడెన్‌షైడ్ లాంటి చోట్ల ఫ్యాక్టరీల్లో మిగిలిన ఇనుప పలకలు, ఫ్రేములు, పిన్నులు జతచేసి కొత్త క్రాస్‌లు తయారయ్యాయి. వియన్నాలోని సూవాల్ సంస్థ కూడా యుద్ధం తర్వాత చేసిన ప్రతులకి పేరుపడింది. వీటిలో లోహం నాటిదే, అచ్చు నాటిదే, చేసిన సంవత్సరం మాత్రం నాటిది కాదు. దీన్ని పట్టుకోడానికి పరిశోధకులు ఒక ఓపికైన పద్ధతి కనిపెట్టారు. అచ్చు వాడేకొద్దీ పగులుతుంది, ఆ పగులు ప్రతి ముక్క మీదా సన్నటి గీతగానో బొడిపెగానో అచ్చు పడుతుంది, పగులు పెరుగుతుందే తప్ప తగ్గదు. కాబట్టి తక్కువ పగుళ్లున్న ముక్క ముందుది, ఎక్కువ పగుళ్లున్నది తర్వాతది. స్టైన్‌హౌవర్ అండ్ ల్యూక్ చేసిన నైట్స్ క్రాస్‌లని ఈ లెక్కన వరసపెట్టి చూస్తే, అంచు పూసల్లో పగుళ్లు బాగా ముదిరిన కొన్ని రకాలు యుద్ధం తర్వాతవని తేలింది. అప్పటిదాకా వాటిని అసలైనవని పెద్ద ధర పెట్టి దాచుకున్నవాళ్లకి అది గట్టి దెబ్బే. అయినా ఆ పని జరగడం మంచిదైంది.

రిబ్బన్‌ని చీకట్లో అల్ట్రావయొలెట్ లైటు కింద పెట్టడం ఇంకో పరీక్ష. బట్టలని తెల్లగా మెరిపించే రసాయనాలు వాడుకలో విస్తరించింది యుద్ధం తర్వాతే, కాబట్టి రిబ్బన్ గానీ సర్టిఫికెట్ కాగితం గానీ నీలంగా వెలిగిపోతే అనుమానించాలి. అయితే పాత క్రాస్‌కి ఎవరో తర్వాత కొత్త రిబ్బన్ కట్టి ఉండొచ్చు, లేదా ఇంట్లో డిటర్జెంట్ పెట్టి ఉతికి ఉండొచ్చు. ఏ ఒక్క పరీక్షా తీర్పు ఇవ్వదు, నాలుగైదు సాక్ష్యాలు ఒకే మాట చెప్పినప్పుడే నమ్మాలి.

సింగిల్ పతకం కంటే, ఒక మనిషి పతకాలన్నీ వరసగా కుట్టిన పట్టీ అయిన మెడల్ బార్ దగ్గర చదవడానికి చాలా ఎక్కువ ఉంటుంది, పాపం దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. మొదటి యుద్ధం నాటి జర్మనీ చాలా రాజ్యాల కూటమి. బవేరియాకి, సాక్సనీకి, వుర్టెంబర్గ్‌కి వేర్వేరు రాజులు, వేర్వేరు పతకాలు. హాంబర్గ్, బ్రెమెన్, ల్యూబెక్ నగరాలు కూడా తమ తమ హాన్సియాటిక్ క్రాస్‌లు ఇచ్చాయి. ఒక బార్ మీద ఐరన్ క్రాస్ పక్కన బవేరియా మిలిటరీ మెరిట్ క్రాస్ ఉంటే ఆ మనిషి బవేరియా దళాల్లో పనిచేసి ఉంటాడని ఊహించొచ్చు. దాని పక్కనే మొదటి యుద్ధంలో పాల్గొన్నవాళ్లకి ఇచ్చిన ఆనర్ క్రాస్ ఉంటే ఆ బార్ కుట్టించింది 1934లోనో ఆ తర్వాతో, ఎందుకంటే ఆనర్ క్రాస్‌ని అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ ఆ ఏడాది జూలై 13న స్థాపించాడు. పేరు లేకపోయినా ఓ మనిషి జీవితం స్థూలంగా కనపడుతుంది. డీలర్లు విడి పతకాలు కలిపి కుట్టేసి అమ్మడం మామూలు కాబట్టి బార్‌ని ముందు వెనక్కి తిప్పి చూడాలి: వెనక గుడ్డ, కుట్టు దారం పాతవేనా, రిబ్బన్లన్నీ ఎండకి ఒకే తీరుగా వెలిశాయా, మడత లోపలి రంగు బయటి రంగు కంటే ముదురుగా ఉందా.

ఇక కాగితాలు. పతకం మీద లేని పేరు సర్టిఫికెట్ మీద ఉంటుంది, సైనికుడి జీతం పుస్తకమైన జోల్డ్‌బూఖ్‌లో ఉంటుంది. రెండో యుద్ధపు సైనికుల వివరాలు వెతకాలంటే బెర్లిన్‌లోని పాత సమాచార కార్యాలయం రికార్డులున్నాయి, 2019 నుంచి అవి జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్‌లో భాగం. మొదటి యుద్ధం విషయంలో మాత్రం పెద్ద నష్టం జరిగింది. ప్రష్యా సైన్యపు రికార్డులున్న పోట్స్‌డామ్ ఆర్కైవ్ 1945 ఏప్రిల్‌లో బాంబుదాడిలో తగలబడింది. బవేరియా దళాల రికార్డులు మ్యూనిక్‌లో వేరుగా ఉండటంతో మిగిలాయి. అందుకే పేరున్న కాగితం దొరికినప్పుడు, ఒకే యుద్ధం, ఒకే పతకం అయినా బవేరియా సైనికుడి వెనక వెళ్లడానికి దారి ఉంటుంది, ప్రష్యా సైనికుడి వెనక చాలాసార్లు ఆ కాగితం దగ్గరే ఆగిపోవాలి. కాగితంతో ఉన్న చవక ఆనర్ క్రాస్‌కీ కాగితం లేని ఖరీదైన బ్యాడ్జీకీ మధ్య ఎంచుకోమంటే మొదటిదే ఎంచుకోవాలి, చరిత్ర దృష్టితో చూస్తే అందులో సందేహం లేదు.

ఆనర్ క్రాస్ గురించి ఇంకొంచెం చెప్పాలి. ముందువరసలో పోరాడినవాళ్లకి కత్తులున్నది, మిగతా సైనికులకి కత్తులు లేనిది, చనిపోయినవాళ్ల భార్యలకీ తల్లిదండ్రులకీ నల్ల రంగుది. మొత్తం 80 లక్షలు దాటే ఇచ్చారు, కాబట్టి ధర బాగా తక్కువ. కానీ ఇది అందుకున్నవాళ్లలో జర్మన్ యూదులు కూడా ఉన్నారు. మొదటి యుద్ధంలో సుమారు లక్షమంది యూదులు జర్మనీ తరఫున పోరాడారు, సుమారు 12,000 మంది చనిపోయారు. 1918 ఆగస్టులో హిట్లర్‌కి ఫస్ట్ క్లాస్ ఐరన్ క్రాస్ ఇవ్వాలని సిఫార్సు చేసిన ఆఫీసర్ హ్యూగో గుట్‌మాన్ యూదుడే. దేశం కోసం పోరాడామని ప్రభుత్వమే ముద్ర వేసి ఇచ్చిన సర్టిఫికెట్ ఇంట్లో ఉన్నవాళ్లని, ఆ ప్రభుత్వమే కొన్నేళ్ల తర్వాత క్యాంపులకి పంపింది. అలాంటి పేరున్న సర్టిఫికెట్ చేతికొస్తే దాన్ని అమ్మకపు వస్తువుగా చూడకుండా, ఆ మనిషికి ఏమైందో వెతికి, వీలైతే ఆ ఊరి ఆర్కైవ్‌కో యూదు మ్యూజియంకో తెలియజేయడం సరైన పని.

ఇక్కడే ఈ సేకరణలో ఇబ్బందికరమైన వైపు మొదలవుతుంది, దాన్ని దాటవేసి "ఇది కేవలం చరిత్ర" అనేవాళ్లతో ఏకీభవించడం కష్టం. ఉన్న పతకాలన్నీ ఒకటి కావు. గాయపడినవాడికి ఇచ్చే నల్ల వూండ్ బ్యాడ్జీ ఒకటి. 1941-42 శీతాకాలంలో రష్యాలో గడ్డకట్టినవాళ్లకి ఇచ్చిన ఈస్టర్న్ ఫ్రంట్ మెడల్ ఇంకొకటి, దాన్ని సైనికులే గడ్డకట్టిన మాంసం పతకం అని పిలుచుకున్నారు. కానీ 1944 జనవరిలో పెట్టిన పార్టిజాన్ (జర్మన్ ఆక్రమణ మీద పోరాడిన గెరిల్లా) వ్యతిరేక బ్యాడ్జీ సంగతి వేరు. కత్తి, దానికి చుట్టుకున్న అనేక తలల పాము ఉన్న ఆ బ్యాడ్జీ ఇచ్చింది బెలారూస్, యుగోస్లావియా లాంటి చోట్ల జరిగిన ఆపరేషన్లకి, పార్టిజాన్ల వేట పేరుతో ఊళ్లకి ఊళ్లు తగలబెట్టి సామాన్యులని చంపింది ఆ ఆపరేషన్లలోనే. మార్కెట్‌లో దానికి గిరాకీ ఎక్కువ, నాజీ పార్టీ సాయుధ దళమైన ఎస్ఎస్ వస్తువులన్నిటికీ అంతే, భయానకమైనది ఏదైతే దానికే ధర పెరుగుతోంది. మ్యూజియంలో, పక్కన ఆ ఊళ్ల పేర్లు రాసి పెడితే దానికో అర్థముంది. అద్దాల బీరువాలో వెల్వెట్ మీద మెరుస్తూ, పక్కన ఏ వివరణా లేకుండా ఉంటే అది మెచ్చుకోలుగా మారిపోతుంది.

తవ్వకాల సరుకు ఇంకా దారుణం. తూర్పు యూరప్ అడవుల్లో, పాత యుద్ధక్షేత్రాల్లో మెటల్ డిటెక్టర్లతో తవ్వి తీసిన బ్యాడ్జీలు, ఐడీ బిళ్లలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. జర్మన్ సైనికుడి ఐడీ బిళ్ల మధ్యలో విరిగేలా ఉండేది, సగం శవంతో ఉండాలి, సగం రికార్డుకి వెళ్లాలి. పూర్తి బిళ్ల దొరికిందంటే ఆ మనిషి మరణం నమోదు కాకపోయి ఉండొచ్చు. ఇప్పటికీ ఆ ఎముకలని వెతికి పేరుతో సమాధి చేసే జర్మన్ యుద్ధ సమాధుల సంస్థ ఒకటి పనిచేస్తోంది, దానికి ఆ బిళ్లే ఆధారం. దాన్ని ఎవరో కొద్ది డబ్బుకి అమ్మేస్తే ఆ ఎముకలకి పేరు పోయినట్టే. తవ్విన ఐడీ బిళ్లలు కొనకూడదు, ఎంత చవకైనా సరే.

మనవైపు ఉన్న సంబంధం చిన్నదే గానీ నిజమైనది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద గుళ్ల వర్షం కురిపించి ఆయిల్ ట్యాంకులు తగలబెట్టిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్‌కి కైజర్ ఫస్ట్ క్లాస్ ఐరన్ క్రాస్ ఇచ్చాడు. అదే ఏడాది నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ఎమ్డెన్‌ని ధ్వంసం చేసింది, ఎమ్డెన్‌లో దొరికిన మెక్సికన్ వెండి నాణేల్లో 1,000 నాణేలకి పైన కిరీటం బిగించి స్మారక పతకాలుగా మార్చారు. మద్రాసుని వణికించిన ఓడ తాలూకు వెండి అలా ఇప్పటికీ ఆస్ట్రేలియా కుటుంబాల దగ్గర, సేకర్తల దగ్గర ఉంది. రెండో యుద్ధంలో బెర్లిన్‌లో ఉన్న సుభాష్ చంద్రబోస్ 1942లో ఆజాద్ హింద్ పతకాలు స్థాపించారు, షేర్-ఎ-హింద్, సర్దార్-ఎ-జంగ్, వీర్-ఎ-హింద్ వగైరా. వాటిని తయారుచేసింది పైన చెప్పిన వియన్నా సూవాల్ సంస్థే, యుద్ధం తర్వాత కూడా ప్రతులు చేసిన సంస్థ. కాబట్టి "నేతాజీ ఇచ్చిన పతకం" అని ఎవరైనా అమ్మకానికి పెడితే, కాగితం, వెనక చరిత్ర, లోహం అన్నీ కుదిరితే తప్ప పెద్ద ధర పెట్టకూడదు.

చివరిగా చట్టం సంగతి, విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకి ఇది అవసరం. మన గుమ్మాల మీద రాసుకునే స్వస్తిక్‌కి అలవాటుపడ్డ కంటికి 1939 క్రాస్ మీది గుర్తు అంత తీవ్రంగా అనిపించకపోవచ్చు, జర్మనీలో మాత్రం దాన్ని బహిరంగంగా ప్రదర్శించడం క్రిమినల్ కోడ్ 86ఎ సెక్షన్ కింద నేరం. చదువు, పరిశోధన, కళ, చరిత్ర సమాచారం లాంటి వాటికి మినహాయింపు ఉంది, ఇంట్లో దాచుకోవడం నేరం కాదు. 1957 జూలైలో చేసిన చట్టం ప్రకారం మాజీ సైనికులు తమ పతకాలని స్వస్తిక లేని రూపంలో ధరించొచ్చు, అందుకే స్వస్తిక చోట ఓక్ ఆకులున్న 1939 క్రాస్‌లు కనపడతాయి. అవి నకిలీలు కావు, 1957 తర్వాత చట్టబద్ధంగా చేసినవి, వాటిని యుద్ధకాలపు ధరకి కొనకపోతే చాలు. ఫ్రాన్స్‌లో బహిరంగ ప్రదర్శన మీద నిషేధం ఉంది. ఆస్ట్రేలియాలో 2024 జనవరి నుంచి నాజీ గుర్తులున్న వస్తువుల వ్యాపారం కూడా ఫెడరల్ చట్టం కింద నేరం, కొన్ని పరిమిత మినహాయింపులు తప్ప. జర్మనీ పాత సామాన్ల సంతల్లో డీలర్లు స్వస్తిక మీద చిన్న స్టిక్కర్ అంటించి పెడతారు. కొన్నాక దాన్ని అక్కడే పీకి, ఫోటో తీసి సోషల్ మీడియాలో పెట్టకండి, అసలు చిక్కు అక్కడే వస్తుంది.